విరిగిన అచ్చు, అతికిన టంకము

కామారెడ్డి జిల్లా పెద్దకొడప్‌గల్‌లోని మా బంధువుల ఇంటికి పోయినప్పుడెల్ల నాకొక పని తప్పక తగులుచుండును. "తెలుగు సారు వచ్చిండు" అని తెలియగానే ఇరుగుపొరుగు పిల్లలు పాత కాగితమో, రాగిరేకో, అరిగిపోయిన శాసనపు రాతి ఛాయాచిత్రమో పట్టుకొని వత్తురు. తెలుగు ఎం.ఏ. చదివినవానికి పాతవస్తువులన్నియు తెలిసియుండునని వారి నమ్మకము. ఆ నమ్మకమును నేను పూర్తిగా నిలుపుకొన్నదియు లేదు, పూర్తిగా పోగొట్టుకొన్నదియు లేదు.

ఈ మారు వచ్చినవాడు పదవ తరగతి కుర్రవాడు. జేబునుండి ఒక గుడ్డపేలిక తీసి నా ముందు విప్పినాడు. అందులో రెండు నాణెములున్నవి. ఒకటి చార్మినారు బొమ్మగల నైజాము వెండిరూపాయి. రెండవది నేటి అయిదురూపాయల బిళ్ళ. రెంటికిని అంచున ఒక్కొక్క బొడిపె యున్నది.

"సార్, ఈ రూపాయి అంచుకు గడ్డ ఉన్నది సూడుండ్రి. గిట్ల అచ్చు పలిగిన రూపాయికి లచ్చలొస్తయని ఫోనుల సూపిస్తున్నరు. ముందుగాల పేరు రాయించుకోవాలె, మూడువేలు కట్టుమన్నరు. మా నాయిన రేపు కడ్తనంటున్నడు."

"ఇది ఎక్కడిది బిడ్డా?"

"మా బాపమ్మది సార్."

"మరి ఈ అయిదురూపాయలది?"

"అది గట్లనే వచ్చింది. దుకాణంల ఇస్తే దొంగబిళ్ళ అని తీసుకోలేదు."

నాకు వెంటనే జవాబు చెప్పవలెననిపించలేదు. ఒక నాణెమునకు లక్షల విలువ కట్టి మూడువేల రూపాయలు పోగొట్టుకొనుటకు ఒక కుటుంబము సిద్ధముగా నున్నది. మరియొక నాణెము దొంగదని ముద్రపడి చెల్లకుండ పోయినది. రెండు తీర్పులకును ఆధారమొక్కటే, అంచున నున్న ఆ బొడిపె. ఆ బొడిపె ఎట్లు పుట్టినదో తెలిసికొనకుండ ఈ తీర్పులలో దేనినైనను ఒప్పుకొనుట ఎట్లు? నిఘంటువుల చిన్న అక్షరముల కొరకు ఎల్లప్పుడు వెంట నుంచుకొను భూతద్దమును సంచినుండి తీసి, కుర్రవానిని వెలుతురున్న అరుగుమీదికి రమ్మన్నాను.

నాణెమును పుట్టించునది అచ్చు. ఆంగ్లమున దీనిని 'డై' అందురు. మన పూర్వులు టంకశాలను కమ్మటమనియు, నాణెములు కొట్టువానిని కమ్మటీడనియు వ్యవహరించినారు. శ్రీనాథుని కనకాభిషేకపు కథ పుణ్యమా యని 'టంకము' అను మాట మన విద్యార్థులకు కొత్తది కాదు. అయితే ఆ టంకమును కొట్టిన అచ్చును గూర్చి మాత్రము మనము ఎన్నడును ఆలోచింపము. నాణెము ఊరూరు తిరుగును. అచ్చు టంకశాల గోడలు దాటి రాదు. దాని పని తీరిన పిమ్మట దానిని చెరిపివేయుదురు. దాని జీవితచరిత్ర మనకు తెలియవలెనన్నచో అది కన్న బిడ్డల ముఖములు చూచి తెలిసికొనవలసినదే.

నేటి టంకశాలలో శిల్పి చేసిన పెద్ద నమూనాను యంత్రముచే నాణెమంత ప్రమాణమునకు తగ్గించి ఉక్కుపై చెక్కుదురు. బొమ్మ ఉబ్బెత్తుగా నున్న ఆ ఉక్కుదిమ్మతో మరియొక ఉక్కుదిమ్మను ఒత్తగా బొమ్మ పల్లముగా దిగును. ఆ పల్లపు దిమ్మయే అచ్చు. బొమ్మకొకటి, బొరుసుకొకటి, అంచు చెదరకుండ చుట్టును ఒక ఉక్కుకట్టు. ఈ మూడింటి నడుమ ముద్రలేని బిళ్ళను పెట్టి పదుల టన్నుల బరువుతో ఒత్తుదురు. యంత్రము నిమిషమునకు వందల నాణెములు కొట్టును. ఒక్కొక్క అచ్చు లక్షల దెబ్బలకు ఓర్చుకొనవచ్చును. కాని ఉక్కునకును అలసట కలదు. ఒకనాడు ఎచ్చటనో వెంట్రుకవాసి బీట పడును. ఆ బీట కంటబడి అచ్చును మార్చులోపల వేలకొలది నాణెములు బయటికి వచ్చియుండవచ్చును.

ఇచ్చట విద్యార్థులు తరచుగా పొరబడు సంగతి ఒకటి కలదు. అచ్చు విరిగినచో నాణెముమీద గుంటయో, లోపమో కనబడునని వారనుకొందురు. నిజము దానికి విపరీతము. మా ప్రాంతమున హోళీ పండుగకు పిల్లల మెడలో చక్కెర పేర్లు వేయుదురు. పాకము పోయు చెక్క అచ్చులో ఒకచోట చిన్న పెచ్చు ఊడినదనుకొనుడు. ఆ గుంటలోనికి కూడ పాకము దిగును. అటుపైన తీసిన ప్రతి చక్కెర బిళ్ళమీదను అదే చోట ఒక బొడిపె లేచును. పిల్లవానికది నష్టము కాదు, చక్కెర కొంచెము ఎక్కువే. టంకశాలలోను ఇంతే. అచ్చులో బీట పడినచో నాణెముపై సన్నని గట్టు లేచును. అచ్చునుండి ముక్క ఊడినచో నాణెముపై ముద్ద లేచును.

పూర్వపు ముద్రణాలయముల సీసపు అక్షరములు ఎరిగినవారికి దీనిని ఇంకొక విధముగా చెప్పవచ్చును. సీసపు అక్షరము విరిగినప్పుడు కాగితముమీద తలకట్టో, కొమ్మో పోయెడిది. టంకశాల అచ్చు విరిగినప్పుడు నాణెముమీద లోహము పెరుగును. అక్షరము ఉబ్బెత్తుది, అచ్చు పల్లపుది; అందుచేతనే ఒకచోట కొరత, ఒకచోట మిగులు. ఈ ఒక్క భేదము మనసున నాటుకొన్నచో ఈ విద్యలో సగము వచ్చినట్లే. నాణెముమీద లోనికి దిగిన గీత కనబడినచో అది అచ్చు బీట కాదు. ఏ మేకో, ఏ తాళపుచెవియో గీచినది. పైకి లేచిన గీత కనబడినప్పుడే ముందుకు సాగవలెను.

అచ్చు విరుగుటలో దశలు కలవు. తొలుత వెంట్రుకవంటి బీట. సాధారణముగా అది అంచున పుట్టి అక్షరముల మీదుగా లోపలికి ప్రాకును. నాణెముపై చూచినచో అక్షరము తరువాత అక్షరమును దాటుచు పోవు సన్నని గట్టువలె నుండును. నాడునాటికి అది లావగును, కొమ్మలు వేయును, కొన్నిచో తిరిగి అంచును చేరుకొనును. అట్లు చేరినప్పుడు నడుమ చిక్కిన ఉక్కుముక్క కదలును గాని ఇంకను ఊడదు. ఆ స్థితిలో కొట్టిన నాణెముపై ఆ భాగము మిగిలిన తలముకంటె కొంచెము ఎత్తుగనో, ప్రక్కకు జరిగినట్లో కనబడును. పిమ్మట ఆ ముక్క ఊడిపడును. అప్పటినుండి అచ్చట బొమ్మ లేదు, అక్షరము లేదు. అంచునంటిన నున్నని ముద్ద మాత్రమే యుండును. పాశ్చాత్య సంగ్రాహకులు దీనిని 'కడ్' అందురు. నేను తెలుగులో అంచుగడ్డ అనెదను. కుర్రవాడు గడ్డ అన్న మాటయే నాకు దారి చూపినది.

అంచునకు దూరముగా లోపల ఊడు పెచ్చులు వేరు. 0, 6, 8, 9 వంటి అంకెలలోను, చుట్టు మూసికొన్న ఆంగ్లాక్షరములలోను ఇవి ఎక్కువగా పుట్టును. కారణము కష్టమైనది కాదు. అచ్చులో అంకె పల్లముగా నుండును గదా, ఆ పల్లము నడుమ సున్న కడుపు ఒక చిన్న ఉక్కు దీవివలె ఒంటరిగా నిలిచియుండును. దెబ్బమీద దెబ్బ పడగా పడగా ఆ దీవి విరిగిపోవును. అప్పుడు నాణెముమీద సున్న కడుపు నిండిపోయి బొట్టువలె నగును.

అంచుగడ్డను పరీక్షించుటలో నేను అన్నిటికంటె ఎక్కువగా నమ్మునది నాణెము రెండవ ప్రక్క. బిళ్ళలోని లోహము పరిమితము. ఒక ప్రక్క అచ్చులోని గుంట నిండుటకు లోహము ఎక్కడనుండియో రావలెను. అది సరిగా ఆ గుంటకు ఎదురుగా నున్న చోటునుండియే జారిపోవును. కనుక నిజమైన అంచుగడ్డ వెనుక, రెండవ ప్రక్కన, అదే స్థలమున అక్షరములు వెలవెలబోయి, సగము లేచి సగము లేవక యుండును. మోసగాడు ముందు ప్రక్కన ఏదియో అతికింపగలడు గాని, వెనుక ప్రక్కన ఈ వెలితిని కల్పించుట కష్టము. ఇంతేకాదు, నిజమైన అంచుగడ్డ వలన నాణెము బరువు పెరుగదు. ఉన్న లోహమే చోటు మారినది.

జిడ్డుతో పూడిన అచ్చు కొట్టిన నాణెముపై అక్షరములు మాయమగును. బిళ్ళ లేకుండ రెండచ్చులు ఒకదానినొకటి ఢీకొన్నచో ఒకదాని నీడ మరియొకదానిపై పడి, అటుపై నాణెములపై తలక్రిందుగనో ఎడమకుడిగనో కనబడును. లోహపు రేకులో పొర లేచినచో నాణెముపై పెచ్చు ఊడును. ఇవియు దోషములే గాని అచ్చు విరిగిన దోషములు కావు. వీనిని ఇంతటితో విడిచెదను.

ఇట్టి సూక్ష్మభేదములను శ్రద్ధగా పట్టికలకెక్కించినవారిలో కెనడా నాణెముల సంగ్రాహకులు ముఖ్యులు. నాకీ విషయమున ఆసక్తి కలుగుటకు కారణము కూడ ఒక కెనడా నాణెమే. టొరంటోలో ఉద్యోగము చేయుచున్న నా పూర్వవిద్యార్థి ఒకడు సెలవులకు వచ్చినప్పుడు 1947వ సంవత్సరపు అయిదు సెంట్ల నాణెమొకటి కానుకగా తెచ్చినాడు. పన్నెండు ప్రక్కలది. ఒకవైపు బీవరు అను నీటిజంతువు, రెండవవైపు ఆరవ జార్జి రాజు. ఆ రాజు చుట్టునున్న లాటిను అక్షరములను కూడబలుకుకొని చదువగా, రాజు అనియు, ఇండియాకు చక్రవర్తి అనియు తేలినది. ఎక్కడి కెనడా, ఎక్కడి మనము! పదమూడు వేల కిలోమీటర్ల కావల ఒక బాలుడు మిఠాయి కొనుక్కొన్న నాణెముమీద కూడ మన పారతంత్ర్యము వ్రాయబడి యుండెను.

1947 ఆగస్టు తరువాత ఆ బిరుదము తీసివేయవలసి వచ్చినది. కొత్త అచ్చు పరికరములు లండనునుండి ఒట్టావాకు రావలెను, అవి ఆలస్యమైనవి. 1948 వచ్చినను పాత బిరుదముతోనే నాణెములు కొట్టక తప్పలేదు. అందుచేత టంకశాలవారు సంవత్సరాంకెలను 1947గానే యుంచి, వాని ప్రక్కన ఒక చిన్న మేపిలు ఆకును చేర్చినారు. ఆకు ఉన్నచో ఆ నాణెము 1948లో కొట్టినదని గుర్తు. కొత్త అచ్చులు వచ్చిన పిదప 1948 సంవత్సరాంకెతో వెండిడాలర్లు 18,780 మాత్రమే కొట్టబడినవి. మన స్వాతంత్ర్యము ప్రపంచమున కెనడా నాణెములమీద కూడ ఒక ఆకంత జాగాలో నమోదైనదని నేను తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఆ నాణెమును చేతులు మార్చుకొని చూచినారు.

ఇక అసలు చిక్కు. 1947 నాటి అయిదు సెంట్ల నాణెములలోను, ఇరువదియైదు సెంట్ల నాణెములలోను కొన్నింటిపై ఏడంకె ప్రక్కన ఆకు లేదు, ఒక చుక్క యున్నది. చూచినవారికి ఇదియు ఏదో రాజకీయ సంకేతమని తోచుట సహజము. కాని ఇది టంకశాల ఉద్దేశించిన చుక్క కాదనియు, అలసిన అచ్చులో పుట్టిన పెచ్చు వలన లేచినదనియు సామాన్యముగా అంగీకరింపబడిన అభిప్రాయము. అట్లని కెనడా నాణెములపై చుక్కలన్నియు దోషములే యనుకొన్నచో మరల పొరబాటు. 1936 డిసెంబరులో ఎనిమిదవ ఎడ్వర్డు సింహాసనము వదలుకొనగా ఆరవ జార్జి అచ్చులు సిద్ధముగా లేకపోయినవి. 1937 తొలినెలలలో ఒట్టావావారు 1936 అచ్చులతోనే, సంవత్సరాంకెల క్రింద బుద్ధిపూర్వకముగా ఒక చుక్క పొడిచి, ఒక సెంటు, పది సెంట్లు, ఇరువదియైదు సెంట్ల నాణెములు కొట్టినారు. ఆ చుక్క గల ఒక సెంటు నాణెములు నేడు మూడు మాత్రమే తెలిసియున్నవి. వానిలో ఒకటి 2010లో నాలుగు లక్షల డాలర్లకు పైగా పలికినది.

రెండును చుక్కలే. ఒకటి మనిషి పెట్టినది, మరియొకటి ఉక్కు పెట్టినది. మనిషి పొడిచిన చుక్క ఆ అచ్చున పుట్టిన నాణెములన్నిటిమీదను ఒకే తీరున నుండును. పెచ్చు ఊడిన గుంట దెబ్బ దెబ్బకు అంచులు చెదరి పెరుగగలదు. పైగా మనిషి పెట్టిన గుర్తుకు కాగితమున ఎచ్చటనైన కారణము దొరకును. నాణెమునొక్కదానినే చూచి తీర్పు చెప్పరాదని నేను గ్రహించినది ఈ రెండు చుక్కల వలన.

ఇది నాకు కొత్త పాఠము కాకపోవలసినది. తాళపత్రములను పరిష్కరించువారు చేయు పని ఇదియే గదా! బ్రౌనుదొర పండితులను కూర్చుండబెట్టి ఒకే కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి సరిచూపించినాడు. రెండు ప్రతులలో ఒకే చోట ఒకే తప్పు కనబడినచో అవి రెండును ఒకే తల్లిప్రతినుండి దిగినవని తెలియును. ఒప్పు అందరికిని ఉమ్మడి సొత్తు. తప్పు మాత్రము వంశమును పట్టి యిచ్చును. నాణెముల పండితులు కూడ అచ్చుబీటను ఇట్లే వాడుకొందురు. బీట సన్నముగా నున్న నాణెము ముందు కొట్టినది, లావుగా నున్నది తరువాత కొట్టినది. తేదీలు లేని ప్రాచీన నాణెములను సైతము ఈ విధముగా వరుసలో నిలుపవచ్చును. ఒకే అచ్చు ఒకవైపు ఒక రాజుతోను, మరియొకవైపు మరియొక రాజుతోను కలిసి పనిచేసినచో ఆ రాజులలో ఎవరు ముందో, ఎవరు వెనుకో అచ్చు అరుగుదలయే చెప్పును.

అయితే అన్ని నాణెములును అచ్చుతో కొట్టినవి కావని మరువరాదు. మన సంగారెడ్డి ప్రాంతపు కొండాపురమున 1940 దశాబ్ది ఆరంభమున జరిగిన త్రవ్వకములలో శాతవాహన నాణెములతోపాటు మట్టిమూసలు బయల్పడినవి. మూసలో పోసిన నాణెమునకు గాలిబుడగల గుంటలు, అతుకుగీత ఉండును. అచ్చుబీటను అందులో వెదకరాదు. ప్రసంగవశమున ఒక మాట. చేలలోనో, కౌలాసు కోట వంటి చోట్లనో పాతరలు దొరికినచో వానిని జేబులో వేసికొనుట తప్పు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల విలువ దాటిన నిక్షేపమును జిల్లా కలెక్టరునకు తెలియజేయవలెను. ఉపాధ్యాయులీ సంగతి పిల్లలకు చెప్పినచో మేలు.

ఇప్పుడు కుర్రవాని వెండిరూపాయిని చేతికి తీసికొందము.

నైజాము రాజ్యమున ఒకప్పుడు గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడ నాణెములు కొట్టెడివారు. మొదటి సాలార్‌జంగు కాలమున ఆ పద్ధతిని అణచి హైదరాబాదు టంకశాలను ముఖ్యము చేసినారు. ఆ నాణెమునకే హాలీ సిక్కా అని పేరు. సుత్తితో కొట్టిన ఆ పాత రూపాయిలకు అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందుచే అచ్చులోని కొంతభాగమే బిళ్ళమీద పడెడిది. అచ్చు అంచున బీట యున్నను అది బిళ్ళ దాటి బయటనే ఉండిపోయెడిది. బ్రిటిషు రూపాయిని మనవారు కల్దారు అనెడివారు. కల్ అనగా యంత్రము. యంత్రపు అచ్చున పడినదే కల్దారు. మన ఇంటి భాషలో నాణెపు పుట్టుక ఇట్లు దాగియున్నది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు స్థూలముగా సరి.

1903 ప్రాంతమున సైఫాబాదు టంకశాల ఏర్పడి, చార్మినారు బొమ్మగల రూపాయి యంత్రమున పుట్టినది. బరువు సుమారు 11.18 గ్రాములు, అందు వెండి నూటికి 81.8 పాళ్ళు. చార్మినారు ద్వారములో ఒక చిన్న అక్షరముండును. 'మీం' ఉన్నచో మహబూబలీఖాను, 'ఐన్' ఉన్నచో ఉస్మానలీఖాను. ఉస్మానలీఖాను తొలినాటి రూపాయలలో కొన్నింటిపై ఆ ఐన్ కురచగా సగము మాత్రము కనబడును, తరువాతి వానిపై పూర్తిగా నుండును. అది చూచి అచ్చు విరిగి అక్షరము సగము పోయినదని తొందరపడువారు కలరు. అచ్చు విరిగినచో లోహము పెరుగవలెనే గాని అక్షరము తరుగదు గదా! అది చెక్కడములోని భేదము. పట్టికలలో వేరు రకముగా లెక్కింతురు.

కుర్రవాని రూపాయిపై ఐన్ నిండుగా నున్నది. హిజరీ 1337, అనగా క్రీ.శ. 1918-19. గడ్డ మీనారుల కెగువ అంచున నున్నది. భూతద్దములో చూడగా ముందు కంటబడినది దాని రంగు. రూపాయి తెలుపు, గడ్డ కొంచెము పసిమి. రెండవది, గడ్డ క్రింద అక్షరపు గీత తెగిపోలేదు. గడ్డ క్రిందికి దూరి, ఆవలి ప్రక్క మరల తేలినది. అచ్చు విరిగినచో అక్షరము అచ్చట పుట్టనే పుట్టదు, ఇచ్చట పుట్టిన తరువాత కప్పబడినది. మూడవది, వెనుకకు త్రిప్పి చూడగా అదే స్థలమున ఫార్సీ అక్షరములు ఏ వెలితియు లేక నిలిచియున్నవి. నాలుగవది, అంచుగీతలు ఆ ఒక్కచోట ఆకురాయితో రాచినట్లు నున్నబడినవి.

"ఇది అచ్చు గడ్డ కాదు బిడ్డా. టంకము. అవుసలాయన కొక్కెము అతికిన గుర్తు."

నాణెమునకును టంకమే పేరు, లోహములను అతుకు మాటునకును టంకమే పేరు. ఒక మాటలోని రెండర్థములు ఒకే వెండిబిళ్ళపై ఇట్లు ఎదురుపడుట నేనింతకు ముందు చూచియుండలేదు.

కుర్రవాడు నమ్మలేదు. లోపలికి పోయి బాపమ్మనే పిలిచుకొని వచ్చినాడు. ఎనుబదేండ్లు దాటిన ముదుసలి. రూపాయిని చూడకుండనే వ్రేలితో గడ్డను తడిమి, "గిది నా మెడల పేరుకుండె. మా యవ్వ పెట్టింది. ఏడుండె. కరువేడు ఆరు అమ్ముకున్నం. కొక్కెం కోసిపిచ్చి దీన్ని దాసిన" అన్నది. తండ్రికి నేను చెప్పవలసినది చెప్పినాను. పాత నాణెములు కొందుమని తన పేరు వాడుకొని రుసుములు వసూలు చేయువారున్నారని, తాను అట్టి వ్యవహారములు చేయుట లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించినది. కొనదలచినవాడు డబ్బిచ్చి కొనును. అమ్ముకొనుటకు మనచేత డబ్బు కట్టింపడు. ఆయన చాలసేపు ఫోనుకేసి చూచుచు కూర్చుండినాడు. మూడువేలు మాత్రము కట్టలేదు.

అయిదురూపాయల బిళ్ళను చేతికి తీసికొన్నప్పుడు అప్పటికే మబ్బు క్రమ్మి వెలుతురు తగ్గినది. సంవత్సరాంకెల క్రింద నక్షత్రమున్నది. నక్షత్రము హైదరాబాదు టంకశాల గుర్తు. 1950లో భారత ప్రభుత్వపు చేతికి వచ్చిన ఆ సైఫాబాదు టంకశాల వంశమే, 1997లో చర్లపల్లికి తరలినది. అంకెవైపు కుడి అంచున గడ్డ. రంగు నాణెపు రంగే. గడ్డకును నాణెమునకును నడుమ అతుకుగీత లేదు. అంచు చెక్కుచెదరలేదు. అచ్చటి అలంకారరేఖ గడ్డ క్రిందికి దూరలేదు, గడ్డ మొదట్లోనే ఆగిపోయినది. గుండె కొంచెము వేగముగా కొట్టుకొనుచుండగా రెండవవైపునకు త్రిప్పినాను. సింహముల ఎడమప్రక్కనున్న 'భారత్' అను నాగరి అక్షరములు, సరిగా ఆ చోట, అలికినట్లు వెలిసియున్నవి. ఇది నిజమైన అచ్చు విరిగిన నాణెము. దొంగబిళ్ళ అని దుకాణము త్రిప్పి పంపినది టంకశాలలో పుట్టిన సాక్షాత్తు సర్కారు బిడ్డ.

"అయితే లచ్చలొస్తయా సార్?"

"రావు. ఇష్టమున్నవాడు అయిదు రూపాయల కంటె కొంత ఎక్కువ ఇయ్యవచ్చును. దుకాణదారు మాత్రము అయిదు రూపాయలకు తీసికొని తీరవలెను."

రూపురేఖలు కొంచెము మారినంత మాత్రమున నాణెమును వెలివేయుట మన జిల్లాలలో కొత్త కాదు. పది రూపాయల బిళ్ళమీద పది గీతలున్నవే చెల్లునని, పదునైదున్నవి చెల్లవని పుట్టిన వదంతి ఎంతదూరము ప్రాకినదో అందరెరుగుదురు. పదునాలుగు రకముల పది రూపాయల నాణెములును చెల్లునని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు స్పష్టపరుపవలసి వచ్చినది. అటుపిమ్మటను అంగళ్ళలో ఆ బిళ్ళను చూచి ముఖము చిట్లించినవారిని నేనెరుగుదును.

కుర్రవాడు ఆ బిళ్ళను చింతపండుతో తోమెదనన్నాడు. నేను గట్టిగా వారించినాను. నేను ఇంటర్మీడియటు చదువునాడు మా తాతగారి రాగి అర్ధణాను బూడిదతోను, చింతపండుతోను తళతళలాడునట్లు తోమితిని. దానిపై సన్నని గట్టువలె ఒక రేఖ యుండెడిదని జ్ఞాపకము. తోమిన తరువాత అది అచ్చుబీటయో, మురికిగీతయో చెప్పుటకు ఆధారమే మిగులలేదు. ఆ అర్ధణా ఇప్పటికిని నా బల్లసొరుగులో మెరయుచు, ఏమియు చెప్పకుండ పడియున్నది.

నేను బయలుదేరుచుండగా కుర్రవాడు ఇంకొక ప్రశ్న వేసినాడు. "అచ్చు పలిగినంక వేల బిళ్ళలొస్తయన్నరు గద సార్. మరి దీని తోడబుట్టినయి యాడున్నయి?" ఆ ప్రశ్నకు నేను చాల సంతోషించితిని. అదే చోట, అదే ఆకారపు గడ్డతో రెండవ బిళ్ళ దొరకినచో ఇక వాదమే యుండదు. వెదకుమన్నాను. నెలదినముల తరువాత మా బంధువులు ఫోనులో చెప్పినారు. దొంగబిళ్ళ అన్న ఆ దుకాణదారే సాయంకాలము గల్లాపెట్టెలోని అయిదురూపాయల బిళ్ళలను వీనిముందు కుమ్మరించుచున్నాడట. వీడు భూతద్దము ఒకటి కొనుక్కొని నక్షత్రము ఉన్నవానిని ఒకవైపు, లేనివానిని ఒకవైపు పేర్చుచున్నాడట. తోడబుట్టినది ఇంకను దొరకలేదు. బాపమ్మ తన రూపాయిని మరల కొంగున ముడివేసికొన్నది.